నీళ్ళ సీసా ఎవరిది వాళ్ళే పట్టుకోండి

బంగారూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. శివరాత్రికి నువ్వు వెంకటాపురం మీదుగా అడవిదారిలో శ్రీశైలానికి నడిచి వెళ్తున్నావట, వెంట ఆ అబ్బాయి కూడా వస్తున్నాడట. ఏ అబ్బాయి అని నేను అడగలేదు. ఐదేళ్ళ కిందట మీరిద్దరూ విడిపోయినప్పుడు పది రోజులు మా ఇంట్లోనే ఉన్నావు కదా. కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయేదానివి. అదంతా చూసినదాన్ని, నాకు టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది? అయినా ఈ సంగతి మీ నాన్నకు నువ్వే ఎదురుగా కూర్చుని చెప్పావట. నీ వయసులో నాకు ఆ ధైర్యం లేదు. చాలా గర్వంగా ఉంది తల్లీ.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. కొత్త చెప్పులు వద్దు, అలవాటైనవే వేసుకో. టార్చి, దుప్పటి, కొబ్బరినూనె, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకో. అది పులులు తిరిగే అడవి, గుంపు వదిలి పక్కదారులు పట్టకండి. చీకటి పడితే జనం ఉన్నచోటే ఆగిపోండి.

నాగలూటి, దామెర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి... అక్కడిదాకా నాకు భయం లేదు, మాట్లాడుకుంటూ నడవొచ్చు. నా భయమంతా భీముని కొలను దగ్గరే. అక్కడ లోయలోకి దిగి, మళ్ళీ కైలాసద్వారం దాకా ఎక్కాలి.

1988 శివరాత్రికి నేనూ ఆ దారిలో నడిచాను, మీ తాతయ్యతో, ఊరివాళ్ళతో. గుంపులో ఒకతను ఉన్నాడు. అంతకు రెండేళ్ళ ముందు, ఒక ఆదివారం ఇంటికొచ్చి తాతయ్యతో మాట్లాడతానన్నాడు. రాలేదు. ఎందుకు రాలేదో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు, మాటలు మానేశాం. ఆ నడకలో మొదటిరోజు, నాగలూటి వీరభద్రస్వామి గుడి దగ్గర నా కాలికి బొబ్బ లేస్తే, ఏమీ అనకుండా నా దుప్పటి మూట తీసి తన భుజాన వేసుకున్నాడు. మర్నాటికి మళ్ళీ మాట్లాడుకుంటున్నాం. పొలం సంగతులు, వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పులు, అలాంటివే. నాకెంత హాయిగా ఉండిందో చెప్పలేను.

భీముని కొలనులో ఇద్దరికీ కలిపి నీళ్ళు పట్టి ఆ క్యాను నా సంచిలో పెట్టుకున్నాను, మూటలు రెండూ తనే మోస్తున్నాడు కదా అని. తాతయ్య, శ్రీశైలానికి 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించిన కథ ఎవరికో చెబుతూ ముందు వెళ్ళిపోయారు. మేం వెనకబడ్డాం. నెత్తి మాడిపోయే ఎండ. సగం ఎక్కాక నాకేమనిపించిందో, "ఆ రోజు ఎందుకు రాలేదు?" అనేశాను.

అతను ఆగాడు. రాతికి చెయ్యి ఆనించి వంగి నిలబడ్డాడు. నోరు తెరిచాడు, మాట రాలేదు. మెడ మీద నరం కొట్టుకుంటోంది. నా మూట తాడు ఒరుసుకుని భుజం మీద ఎర్రటి గీత పడింది. ఇవన్నీ చూశాను బంగారూ. చూసి కూడా, జవాబు లేదు కాబట్టే మాట్లాడటం లేదనుకున్నాను. రెండు మూటలతో ఎక్కుతున్న మనిషికి ఊపిరి అందడం లేదని నాకు తట్టలేదు. వెనక్కి చూడకుండా ఎక్కిపోయాను. కైలాసద్వారం చేరి దాహమేసి సంచి విప్పితే, అప్పుడు గుర్తొచ్చింది, నీళ్ళన్నీ నా దగ్గరే ఉన్నాయని.

కిందికి దిగి ఇచ్చి రావచ్చు. కోపం చల్లారలేదు, దిగలేదు. గంటన్నరకు వచ్చాడు, నాలుక పిడచకట్టుకుపోయి. దారిలో ఎవరో ముసలాయన గుక్కెడు నీళ్ళు పోశాడట. నా మూట నా పక్కన పెట్టి, వెళ్ళి తాతయ్య దగ్గర కూర్చున్నాడు. వచ్చినవాళ్ళ పేర్లు సాక్షి గణపతి రాసుకుంటాడంటారు కదా, ఆయన ముందు నేనొక్కదాన్నే నిలబడ్డాను. తిరుగు బస్సులో అతను లేడు.

తర్వాత మీ మామయ్యతో పెళ్ళయింది. ఆయన మంచి మనిషి, ఈ కథ ఆయనకు తెలుసు, నాకే లోటూ లేదు. కానీ ఆ ఆదివారం అతనెందుకు రాలేదో ఈ రోజుకీ నాకు తెలియదు.

నీ మనసులోనూ అడగాల్సినవి ఉన్నాయని తెలుసు. అడుగు. ఎక్కేటప్పుడు మాత్రం వద్దు. మెట్ల మీద "ఆగుదామా", "నీళ్ళు తాగు", ఈ రెండు మాటలు చాలు. పైకి చేరి, చెమట ఆరి, ఇద్దరి కడుపులో ఇంత పడ్డాక అడుగు. వెంటనే చెప్పకపోతే ఇంకో గంట ఆగు. ఆగడం నీకు రాదు, నా తొందరే వచ్చింది నీకు. చిన్నప్పుడు పాలు చల్లారేదాకా ఉండలేక ఎన్నిసార్లు నోరు కాల్చుకున్నావో! ఊదుతూ నీ పక్కనే కూర్చునేదాన్ని. ఇప్పుడు పక్కన ఉండలేను కాబట్టే ఇంత రాస్తున్నాను. ఇన్నేళ్ళ తర్వాత కలిసి నడుద్దామన్నవాడు ఏదో చెప్పుకుందామనే అని ఉంటాడు. విన్నాక నచ్చకపోతే నేరుగా మా ఇంటికి వచ్చెయ్యి, నేనేమీ అనను. కానీ విని రా.

రెండు స్టీలు సీసాలు కొన్నాను, లీటరువి. రేపు మీ నాన్న వస్తే ఇచ్చి పంపిస్తాను. ఎర్రదారం కట్టింది అతనిది, అతని సంచిలోనే పెట్టు. నీ దుప్పటి నువ్వే మోసుకో.

శ్రీశైలం చేరగానే ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా ఎత్తుతాను.

మీ అత్త