హీటర్ వైండింగ్‌కి సెంటర్ ట్యాప్ లేకపోతే హమ్ తగ్గేదెలా?

రెండు 12ఏఎక్స్7 (ఇన్‌పుట్ వైపువి), రెండు ఈఎల్84 (స్పీకర్‌ని నడిపేవి) ట్యూబులతో యాంప్ కట్టానని, ట్యూబుల హీటర్లని వేడిచేసే 6.3 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌కి సెంటర్ ట్యాప్ (సరిగ్గా మధ్యనుంచి తీసిన వైరు) లేదని, స్పీకర్‌లో హమ్ (గుయ్‌మనే శబ్దం) వస్తోందని, ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలా అని అడిగారు. అవసరం లేదు. నా మొదటి యాంప్‌లో అచ్చం ఇదే జరిగింది.

నేను వైండింగ్ రెండు కొసల్నీ ట్యూబులకి కలిపి, గ్రౌండ్ సంగతే వదిలేశాను. హమ్ రాగానే ఫిల్టర్ కెపాసిటర్లు మారుస్తూ వారం గడిపాను. అసలు ముందు స్వరం వినాల్సింది. మెయిన్స్ 50 హెర్ట్జ్ అయితే హీటర్ హమ్ కూడా 50 దగ్గరే, బాగా కింది స్థాయిలో ఉంటుంది. ఏసీని డీసీగా మార్చే ఫుల్ వేవ్ రెక్టిఫైయర్ నుంచి వచ్చేది 100, కాస్త గరగరగా వినిపిస్తుంది. నాది మొదటి రకం.

రెండు 100 ఓంల, అర వాట్ రెసిస్టర్లు తీసుకోండి. హీటర్ లైను ఒక్కో కొస నుంచి ఒక్కోటి గ్రౌండ్‌కి వేయండి. ఒక్కోదాంట్లో ఖర్చయ్యేది 0.1 వాటే. నా యాంప్‌లో హమ్ చాలావరకు అక్కడే పోయింది.

మిగిలింది వైరింగ్ వల్ల. హీటర్ వైర్లు మెలి వేయకుండా ఇన్‌పుట్ గ్రిడ్ (ట్యూబులోకి సిగ్నల్ వెళ్లే పిన్ను) పక్కనుంచి లాగాను. అవి పీకేసి, సింగిల్ స్ట్రాండ్ వైరు బిగుతుగా మెలేసి, ఛాసిస్ మూలన నడిపి, సాకెట్ దగ్గర మాత్రమే బయటికి తెచ్చాను. సిగ్నల్ వైరును దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కన నడపకండి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ముందు ఈఎల్84లకి, చివరగా ఇన్‌పుట్ ట్యూబుకి వెళ్లాలి. అప్పుడు ఎక్కువ కరెంటు ఇన్‌పుట్ దాకా రాదు.

పిన్నులు ఒకసారి చూసుకోండి. 12ఏఎక్స్7లో 4, 5 కలిపి ఒక వైరు, 9కి రెండోది. 6.3 వోల్టుల్ని 4, 5 మధ్య ఇస్తే ట్యూబు సగం వోల్టేజీతో మసగ్గా వెలుగుతుంది. ఈఎల్84కి 4, 5. మొత్తం కరెంటు 2.12 ఆంపియర్లు, కాబట్టి 3 ఆంపియర్ల వైండింగ్ ఉంటే నిశ్చింత. ట్యూబులన్నీ పెట్టాకే వోల్టేజీ కొలవండి, ఖాళీగా ఉంటే ఎక్కువ చూపిస్తుంది.

ఇంకా సన్నగా హమ్ మిగిలితే, ఆ రెసిస్టర్లు కలిసే చోటుని గ్రౌండ్ నుంచి తీసి, సుమారు 40 వోల్టుల డీసీకి కలపండి. బీ ప్లస్ (ట్యూబులకి వెళ్లే ప్రధాన డీసీ సరఫరా) 300 వోల్టులు అయితే, దాన్నుంచి గ్రౌండ్‌కి వరసగా 220 కిలోఓమ్, 33 కిలోఓమ్ రెసిస్టర్ల డివైడర్ వేసి, ఆ రెండూ కలిసే చోటునుంచి వోల్టేజీ తీసుకోండి; గ్రౌండ్ వైపున్న 33 కిలోఓమ్ మీద 47 మైక్రోఫారడ్ కెపాసిటర్ చాలు. హీటర్ కన్నా కాథోడ్ (హీటర్ వేడిచేసే, ఎలక్ట్రాన్లు వదిలే భాగం) తక్కువ వోల్టేజీలో ఉండటంతో ఆ మధ్య లీకేజీ బాగా తగ్గుతుంది. నా ఇన్‌పుట్ ట్యూబు దీనితోనే నిశ్శబ్దమైంది.

ఇదంతా చేసేముందు మాత్రం దయచేసి ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆపినా కెపాసిటర్లలో 300 వోల్టులు నిలిచే ఉంటాయి. రెసిస్టరుతో డిశ్చార్జ్ చేసి, మీటరులో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి.