వెట్టి గాయం మానుతుందా?

ప్రశ్న: అమెరికాలో బానిసత్వం రద్దయి నూట అరవై ఏళ్లయినా గాయం మానలేదంటారు. ఏ దేశానికైనా మానుతుందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మానుతుంది, స్వేచ్ఛతోపాటు బతుకుదెరువూ ఇస్తే. అక్కడ ఇవ్వలేదు. 1862లో వాషింగ్టన్ నగరంలో బానిసలను విడిపించినప్పుడు మనిషికి 300 డాలర్ల దాకా పరిహారం అందింది యజమానులకు! 1865లో విముక్తులకు పంచిన భూముల్ని ఆ ఏడాదే వెనక్కి లాక్కోవడం మొదలైంది.

మన దేశంలో 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం వెట్టి అప్పునే, అంటే చాకిరీతో తీర్చమని కట్టిపడేసే అప్పునే, రద్దు చేసింది. అడ్వాన్సు తీసుకుని ఇటుక బట్టీలోనో గొర్రెల మంద దగ్గరో ఇరుక్కున్నవాళ్ల కోసం కలెక్టరుకో ఆర్డీవోకో అర్జీ పెట్టండి. ఆ అడ్వాన్సు వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే. కూలీ వెట్టి నుంచి విడుదలయ్యాడని అధికారి రాసిచ్చే విముక్తి పత్రం చేతికొచ్చేదాకా వదలకండి. పత్రం లేకుంటే పునరావాస సాయం ఆగిపోతుంది, ఆకలికి తాళలేక ఆ కూలీ మళ్లీ అదే అడ్వాన్సుకు చేయి చాస్తాడు.