ముందు అమ్మమ్మ గొంతు రికార్డు చెయ్యి

అమ్మలూ,

అమ్మమ్మ చెప్పే పెన్నా వరదల కథలతో పాడ్‌కాస్ట్ మొదలుపెడతానన్నావని మీ అమ్మ చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. డల్లాస్‌లో తొమ్మిదేళ్లు ఇంటర్నెట్ రేడియోలో తెలుగు కార్యక్రమం నడిపినదాన్ని కదా, నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

నాది లైవ్. మాకు శనివారం రాత్రి 9 అయితే నెల్లూరులో ఆదివారం ఉదయం 7:30, చలికాలంలో 8:30. ఆ వేళకి పెట్టుకున్నవాళ్లే వినేవాళ్లు, ఫోన్లు చేసి మాట్లాడేవాళ్లు. నీ పాడ్‌కాస్ట్ ఎప్పుడైనా వినొచ్చు. కాకపోతే ఎవరు వింటున్నారో నీకు వెంటనే తెలియదు. మొదట్లో పదిమందే విన్నా దిగులు పడకు. పాడ్‌కాస్ట్ మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఏడెనిమిది ఎపిసోడ్లకే ఆపేస్తారు. ఆరు సిద్ధంగా ఉంచుకుని మొదటిది విడుదల చెయ్యి, జ్వరం వచ్చిన వారం కూడా టెన్షన్ ఉండదు.

ఖరీదైన మైకు కంటే గది ముఖ్యం. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపు. చీరల బీరువా తలుపులు బార్లా తెరిచి దాని ముందు కూర్చో, గొంతు గోడలకి తగిలి మోగదు. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉండాలి. ఒక్కరి మాటే కాబట్టి మోనోలో, అంటే ఒకే చానల్‌లో, 64 కేబీపీఎస్ (సెకనుకి 64 కిలోబిట్లు) చాలు, అరగంట ఎపిసోడ్ 15 ఎంబీ దాటదు. డేటా చూసుకుని వాడేవాళ్లు కూడా వింటారు.

సినిమా పాట పెట్టకు. పది సెకన్లయితే పర్వాలేదంటారు, అలాంటి మినహాయింపు చట్టంలో లేదు.

ఇక నా బాధ. మా కార్యక్రమాలన్నీ దాచిన కంపెనీ ఒకరోజు సర్వర్లు మూసేసింది. నా దగ్గర వేరే కాపీ లేదు. ఒక సంక్రాంతికి తాతయ్య నలభై నిమిషాలు మాట్లాడారు, మధ్యలో దగ్గు వస్తే "ఆగమ్మా, మంచినీళ్లు తాగుతా" అన్నారు. అది కూడా పోయింది. తాతయ్యా లేరు.

అందుకే ఒరిజినల్ ఫైళ్లు రెండు హార్డ్‌డిస్కుల్లో, రెండు ఇళ్లలో పెట్టు. ఒక్క యాప్‌నే నమ్ముకోకు. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ అనే యాప్ మూతపడింది. అయినా అందులో వినేవాళ్లు వేరే యాప్‌లోకి మారి అవే షోలు విన్నారు, ఎందుకంటే షో ఎపిసోడ్ల జాబితా, వాటి లింకులు ఉండేది ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అనే ఫైల్‌లో, యాప్ దాన్ని చదివి వినిపిస్తుందంతే. హోస్టింగ్ (నీ ఫైళ్లని, ఫీడ్‌ని ఇంటర్నెట్‌లో ఉంచే సేవ) తీసుకునేటప్పుడు, రేపు వేరేచోటికి వెళ్తే పాత ఫీడ్‌ని కొత్తదానికి మళ్లించనిస్తారా అని అడిగి మరీ డబ్బు కట్టు.

పేరు, లోగో, ట్యూన్ తర్వాత చూసుకోవచ్చు. ఈ ఆదివారమే నెల్లూరు వెళ్లు. అమ్మమ్మ మధ్యాహ్నం కునుకు తీసి, కాఫీ తాగాక బాగా మాట్లాడుతుంది. ఫ్యాన్ ఆపితే ఉక్కపోత అంటుంది, పావుగంటకోసారి ఆపి గాలి తగలనివ్వు. మధ్యలో దగ్గినా, నీళ్లడిగినా కట్ చెయ్యకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ