చిన్నోడి చేత హెడ్డింగ్ చేయించొద్దు, ఇంకో నాలుగేళ్లు ఆగు

ఒరేయ్ కిరణ్,

నువ్వు పంపిన ఫుట్‌బాల్ వీడియో మూడుసార్లు చూశాను. ఎనిమిదేళ్ల చిన్నోడు ఎగిరి తలతో కొడితే బంతి నెట్‌లో పడింది, వెనక నుంచి నీ ఈలలు, మీ నాన్న చప్పట్లు, అంతా బాగానే ఉంది. కానీ కొట్టిన వెంటనే వాడు కళ్లు గట్టిగా మూసుకుని ఒక్క క్షణం తల పట్టుకున్నాడు, అది మీరెవరూ గమనించినట్టు లేరు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను.

ముప్పై ఏళ్లు పీఈటీగా చేసినవాణ్ణి, హెడ్డింగ్ నేర్పాలంటే నా తర్వాతే ఎవరైనా అనుకునేవాణ్ణి. గ్రౌండ్ పక్కన వేపచెట్టు కొమ్మకి తాడుతో బంతి వేలాడదీసి, ఆరో తరగతి పిల్లల్ని లైన్లో నిలబెట్టి తలా ఇరవై కొట్టమనేవాణ్ణి. అప్పట్లో తోలు బంతులు కదా, వానాకాలంలో నీళ్లు పీల్చుకుని రాయిలా ఉండేవి. ఎవడైనా తలనొప్పిగా ఉంది సార్ అంటే నీళ్లు తాగి రమ్మనేవాణ్ణి, అంతే. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. ఎవరికీ ఏమీ కాలేదులే అని కూడా అనలేను, ఎందుకంటే తర్వాత నేను ఎవర్నీ అడిగింది లేదు.

పోయిన ఏడాది డల్లాస్‌లో మనవరాలి మ్యాచ్‌కి వెళ్లాను, అందరూ తొమ్మిదేళ్ల పిల్లలు. పైనుంచి వస్తున్న బంతిని ఒక పిల్ల తలతో చక్కగా కొట్టింది, రిఫరీ విజిల్ వేసి అవతలి టీమ్‌కి ఇండైరెక్ట్ ఫ్రీ కిక్ ఇచ్చాడు. ఇదెక్కడి ఫౌల్ అని నేను కుర్చీలోంచి లేచాను కూడా. మా వాడు చెయ్యి పట్టి కూర్చోబెట్టి చెప్పాడు. అక్కడ 2014లో కొందరు తల్లిదండ్రులు, ఆటగాళ్లు కలిసి కోర్టుకెళ్లారట, ఆ కేసు రాజీలో భాగంగా 2015 చివర్లో పదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకు హెడ్డింగ్ పూర్తిగా ఆపేశారు. పదకొండు నుంచి పదమూడేళ్ల వాళ్లకి ప్రాక్టీసులో వారానికి అరగంట మించకూడదు, ఒక్కొక్కరు పదిహేను ఇరవై హెడర్లు దాటకూడదు. ఇంగ్లండ్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్ కూడా 2020లో ప్రైమరీ స్కూల్ పిల్లల ట్రైనింగ్‌లోంచి దీన్ని తీసేశాయి. నేను ఒక్క పూటలో పిల్లలతో కొట్టించిన ఇరవై, అక్కడ వారం మొత్తానికి లెక్క!

ఎందుకింత భయం అంటావు. 2019లో గ్లాస్గో యూనివర్సిటీ వాళ్లు 7,676 మంది మాజీ స్కాటిష్ ప్రొఫెషనల్ ఆటగాళ్ల రికార్డులు తీసి చూశారు. మతిమరుపు లాంటి మెదడు జబ్బులతో పోవడం మామూలు జనం కన్నా వాళ్లలో దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువ. గుండెజబ్బులతో పోయినవాళ్లు మాత్రం తక్కువే, అంటే ఆట మంచిదే. తర్వాత ఏ పొజిషన్లో ఆడారో విడదీసి చూస్తే డిఫెండర్లకి ముప్పు అందరికన్నా ఎక్కువ, గోల్‌కీపర్లకి మామూలు జనంతో సమానం. డిఫెండర్లు బంతిని తలతో ఎక్కువ కొడతారు, గోల్‌కీపర్లు చేతులతో పట్టుకుంటారు, నీకు నేను చెప్పాలా? ఒక మాట ఒప్పుకోవాలి, అది జీవితమంతా ఆడినవాళ్ల లెక్క, ఎనిమిదేళ్ల పిల్లాడు నాలుగు హెడర్లు కొడితే ఏదో అయిపోతుందని ఎవరూ తేల్చలేదు. నువ్వు టెన్షన్ పడి వాణ్ణి అకాడమీ మాన్పించేస్తే నేనే తిడతాను. కానీ ఆ వయసులో తల దాదాపు పెద్దవాళ్ల తలంత ఉంటుంది, దాన్ని మోసే మెడ మాత్రం తోటకూర కాడ. దెబ్బ తగిలితే తల పెద్దవాళ్లకన్నా ఎక్కువ ఊగుతుంది. ఎనిమిదేళ్లకి హెడ్డింగ్ వచ్చినంత మాత్రాన వాడికి ఒరిగేదేమీ లేదు, అలాంటప్పుడు ఆ కాస్త రిస్కు మాత్రం ఎందుకు?

మీ నాన్న ఒప్పుకోడని తెలుసు. 1962 జకార్తా ఆసియా క్రీడల కథ ఎత్తుతాడు. మన హైదరాబాదీ రహీం సాబ్ కోచ్, జర్నైల్ సింగ్ తలకి కుట్లు వేయించుకుని మరీ ఫార్వర్డ్‌గా దిగి ఫైనల్లో గోల్ కొట్టాడు, గోల్డ్ మెడల్ వచ్చింది. ఆ కథ చెప్తుంటే నాకూ ఒళ్లు గగుర్పొడుస్తుంది బావా అని నా మాటగా చెప్పు. కానీ అది దేశానికి ఆడుతున్న మగాడు తెలిసి తీసుకున్న నిర్ణయం, మనవాడికి ఇంకా పాలపళ్లు ఊడుతున్నాయి.

కోచ్‌తో గొడవ పెట్టుకోకు, అందరి ముందు అడగకు. ప్రాక్టీసు అయ్యాక పక్కకి పిలిచి, మావాడికి పన్నెండేళ్లు వచ్చేదాకా హెడ్డింగ్ డ్రిల్ వద్దు సార్, ఆ పది నిమిషాలు ఎడమకాలితో పాసులు, ఛాతీతో బంతి దించుకోవడం చేయించండి అను. అడిగిన పని చేతిలో పెడితే ఎవరూ కాదనరు, నన్నైనా అలా అడిగుంటే ఒప్పుకునేవాణ్ణి. ఇంకోటి, వీడియోలో బంతి నాకు ఐదో నంబర్‌లా, అంటే పెద్దవాళ్లు ఆడే సైజులా కనిపించింది. ఎనిమిదేళ్లకి నాలుగో నంబర్ చాలు, గాలి కూడా రాయిలా కొట్టనక్కర్లేదు.

పన్నెండు దాటాక కావాలంటే నేనే వచ్చి నేర్పుతాను. మెత్తటి బంతితో, వాడి చేత్తో వాడే ఎగరేసుకుని, కళ్లు తెరిచి, నోరు మూసి, నుదుటితో, రోజుకి ఐదారు. నడినెత్తితో కొట్టడం ఒక్కసారి అలవాటైతే మాన్పించడం నా వల్ల కూడా కాదు.

అసలు దెబ్బలు ఎక్కువగా బంతి వల్ల కాదు, ఒకే బంతికి ఇద్దరు ఎగిరి తలా తలా, లేదా తలా మోచెయ్యీ కొట్టుకున్నప్పుడు తగులుతాయి. అలా తగిలితే వాడు ఎంత ఏడ్చినా సరే ఆ రోజుకి మళ్లీ గ్రౌండ్‌లోకి పంపకు. వాంతులు, మగత, తికమకగా మాట్లాడటం, తలనొప్పి పెరగడం, వీటిలో ఏది కనిపించినా సాయంత్రందాకా చూద్దాంలే అనుకోకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లు.

శనివారం ప్రాక్టీసుకి వెళ్లినప్పుడు బంతి మీద నంబర్ చూసి నాకు ఫోన్ చెయ్యి. ఐదు అయితే నాలుగో నంబర్ నేనే కొని పంపిస్తాను, తాత పంపాడంటే కోచ్ కూడా ఏమీ అనలేడు.

మీ మామయ్య