తూకం చీటీకి నంబరు ఎవరివ్వాలి?

చిరంజీవి మేనల్లుడికి,

మామ ఆశీస్సులు. దామలచెరువు మామిడి మండీకి నువ్వు రాస్తున్న ప్రోగ్రాం చూశాను. బాగుంది. తూకం చీటీకి నంబరు ఇచ్చే పద్ధతి మాత్రం మార్చు. టేబుల్‌లో పెద్ద నంబరు వెతికి, దానికి ఒకటి కలుపుతున్నావు. ల్యాప్‌టాప్‌లో నువ్వొక్కడివే కాబట్టి నడిచిపోతోంది. సీజన్‌లో తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరాక, రెండు కాటాల దగ్గర ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి బటన్ నొక్కుతారు. ఇద్దరికీ 4118 కనబడుతుంది, ఇద్దరూ 4119 రాయబోతారు. ఆ నంబరు ప్రైమరీ కీ (టేబుల్‌లో రెండోసారి రానివ్వని గుర్తు) అయితే ఒకరికి ఎర్రర్ వస్తుంది, అది నయం. లేదంటే ఇద్దరు రైతులకు ఒకే నంబరు పడి, డబ్బులిచ్చే రోజు రచ్చే. ఆఖరి చీటీ డిలీట్ చేసినా ఆ నంబరే ఇంకొకరికి పోతుంది.

ఆ పని డేటాబేస్‌కే వదిలెయ్. నువ్వు వాడేది మైఎస్‌క్యూఎల్ కదా, ఆ కాలమ్‌కి ఆటో ఇంక్రిమెంట్ పెట్టు, నంబరు అదే వేసుకుంటుంది. చీటీ చేర్చే ఇన్సర్ట్‌లో దాని ఊసే ఎత్తకు. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ అయితే 10వ వెర్షన్ నుంచి అదే పని చేసే ఐడెంటిటీ కాలమ్ ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో ఏ నంబరు వచ్చిందో తెలియాలంటే లాస్ట్ ఇన్సర్ట్ ఐడీని అడుగు. అది నీ కనెక్షన్‌లో పుట్టిన నంబరే చెబుతుంది, పక్క కాటాది కాదు.

మధ్యలో నంబర్లు ఎగిరిపోతే టెన్షన్ పడకు. ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయినా, అంటే సేవ్ మధ్యలో రద్దయినా, తీసుకున్న నంబరు వెనక్కి రాదు. రాదు కాబట్టే ఒకరి కోసం ఒకరు ఆగక్కర్లేదు. మీ యజమాని ఊరుకోడనుకో, "4120 ఏదీ, ఎవరు మింగారు?" అంటాడు. జీఎస్టీ నిబంధనల్లోనూ బిల్లుకు వరుస నంబరు ఉండాలనే ఉంది. అందుకని బిల్లుకు ఈ ఐడీ వాడకు. చిన్న టేబుల్ ఒకటి విడిగా పెట్టి, అందులో చివరి బిల్లు నంబరు ఉంచు. బిల్లు సేవ్ చేసే ట్రాన్సాక్షన్‌లోనే ఆ రోను (వరుసను) ఫర్ అప్‌డేట్‌తో లాక్ చేసి, అంటే నీ పని అయ్యేదాకా ఇంకొకరు మార్చకుండా ఆపి, ఒకటి పెంచు. బిల్లు ఆగిపోతే నంబరూ వెనక్కి వస్తుంది. కాస్త నిదానమే, మండీ వేగానికి అదొక లెక్క కాదు.

రైతు ఫోన్ నంబరును ప్రైమరీ కీ చేద్దామన్నావు, వద్దు. అన్నదమ్ములిద్దరూ ఒకే నంబరు ఇస్తారు, పైగా సిమ్‌లు మారుస్తారు.

చీటీ నంబరు కాలమ్‌కి ఇంట్ రకం పెడితే దాదాపు 214 కోట్ల దాకా పోతుంది. అయినా అంతకన్నా పెద్ద రకం బిగ్‌ఇంట్ పెట్టెయ్, 4 బైట్లే ఎక్కువ. యూయూఐడీ, అంటే ఏ కంప్యూటరైనా ఇంకొకరిని అడక్కుండా సొంతంగా పుట్టించుకునే పొడవాటి ఐడీ, ఇప్పుడెందుకు? నెట్ లేని ఊళ్లలో కాటాలు పెట్టి, సాయంత్రం లెక్కలన్నీ ఒకచోట కలపాల్సి వస్తే అప్పుడు చూద్దాం. అప్పుడైనా వెర్షన్ 7 తీసుకో, టైమ్ వరుసలో వస్తుంది కాబట్టి ఇండెక్స్ (వెతుకులాటకు డేటాబేస్ ఉంచుకునే జాబితా) చిందరవందర కాదు. 36 అక్షరాల ఐడీని చీటీ మీద అచ్చేస్తే మాత్రం గుమాస్తాలు నిన్ను తిడతారు.

కాయలు దిగేలోపు రెండు కంప్యూటర్లలో ఒకేసారి వంద చీటీలు కొట్టించి, ఏమైందో ఫోన్ చెయ్.

మామ