ఇంప్లాంట్ పన్ను కూడా పుచ్చిపోతుందా?

పోయిన పన్ను స్థానంలో అమర్చే ఈ కృత్రిమ పన్ను పుచ్చదు, కానీ దాని చుట్టూ ఉన్న చిగురు, ఎముక పాడవ్వొచ్చు. నోట్లోని బ్యాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. అది పన్ను గట్టి పైపొర అయిన ఎనామిల్‌లోని ఖనిజాలను కరిగించడమే పుచ్చడం. ఇంప్లాంట్‌లో ఎముకలోకి దిగేది సాధారణంగా టైటానియం స్క్రూ, పైన కనిపించేది చాలావరకు సిరామిక్ తొడుగు. వీటిని ఆ ఆమ్లం కరిగించలేదు.

చిగురు సంగతి వేరు. తొడుగు అంచున పాచి పేరుకుంటే చిగురు వాస్తుంది, వదిలేస్తే స్క్రూను పట్టి ఉంచే ఎముకే తరిగిపోతుంది. ఉదాహరణకు, పన్ను పైకి తళతళలాడుతూనే ఉంటుంది, బ్రష్ చేస్తే మాత్రం దాని పక్కన రక్తం వస్తుంది. మొదటి హెచ్చరిక అదే.

‘నొప్పి లేదుగా, టెన్షన్ ఎందుకు’ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఇంప్లాంట్‌లో నరం ఉండదు, ఎముక తరుగుదల కూడా చాలాసార్లు నొప్పి లేకుండానే సాగుతుంది. ఎముకలోని స్క్రూయే కదిలేదాకా ఆగితే, సాధారణంగా దాన్ని తీసేయక తప్పదు.