ప్రాసెసర్‌ని చివర అనుమానించండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట: "ప్రాసెసర్ పోయిందేమో". పెట్టె విప్పి సాకెట్‌లో సరిగ్గా కూర్చోబెట్టిన ప్రాసెసర్ అంత తేలిగ్గా పోదు. కరెంటు, వేడి, ర్యామ్, కేబుల్ చూశాకే దాని దగ్గరికి రావాలి.

ప్రశ్న: బీటెక్ సీఎస్ఈ రెండో ఏడాది చదువుతున్నాను. కోడింగ్, ఆండ్రాయిడ్ స్టూడియో, ఎప్పుడైనా చిన్న గేములు. గ్రాఫిక్స్ కార్డు వచ్చే ఏడాది కొంటాను. పార్క్‌లేన్ సీటీసీలో ఒక షాపువాళ్లు ఐ5-12400ఎఫ్ అన్నారు, పక్క షాపువాళ్లు రైజెన్ 5 7600 అన్నారు. మొదటిది చవక. ఏది మంచిది? (విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: కార్డు వచ్చే ఏడాది అన్నారు కాబట్టి ఆ 'ఎఫ్' మీకు పనికిరాదు. ఇంటెల్ నంబరు చివర ఎఫ్ ఉంటే లోపలి గ్రాఫిక్స్ పనిచేయదని అర్థం. ఇంటికి తెచ్చి హెచ్‌డీఎంఐ కేబుల్ మదర్‌బోర్డుకు పెడతారు, ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. ఎఫ్ లేని 12400 అడగండి, లేదా 7600 తీసుకోండి. 7600 లోపల చిన్న గ్రాఫిక్స్ ఉంది. కోడింగ్‌కి, వీడియోలకి బాగానే సరిపోతుంది. రైజెన్‌లో కూడా 7500ఎఫ్ లాంటివి వద్దు.

రెంటిలోనూ 6 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 12 థ్రెడ్లే (ఒకేసారి నడిచే పనుల వరసలు). అసలు తేడా బోర్డులో ఉంది. 12400 కూర్చునే ఎల్‌జీఏ1700 సాకెట్ ఇంటెల్ 14వ తరం ప్రాసెసర్లతో ఆగిపోయింది. 7600 కూర్చునే ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది. 2027లోనూ ఆ తర్వాతా దీనికి కొత్త చిప్‌లు తెస్తామని ఏఎండీ ప్రకటించింది. నాలుగేళ్ల తర్వాత బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. మీ చదువుకాలం, ఆ తర్వాతి ఒకటి రెండేళ్లు లెక్కేసుకుంటే నా ఓటు 7600కే. డబ్బు మరీ కటకటగా ఉంటే మాత్రం డీడీఆర్4 (పాత రకం ర్యామ్) బోర్డుతో 12400 తీసుకోండి, తప్పు లేదు. ఎల్‌జీఏ1700 బోర్డుల్లో కొన్ని డీడీఆర్4వి, కొన్ని డీడీఆర్5వి. ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో దిగదు. బిల్లు రాయించే ముందే చూసుకోండి. ఏఎం5కి డీడీఆర్5 తప్ప వేరే దారి లేదు.

'ట్రే' ప్రాసెసర్ ఇస్తాం, కాస్త తగ్గుతుంది అంటారు. పెట్టె లేని చిప్ అది. కంపెనీ ఇచ్చే 3 ఏళ్ల వారంటీ పెట్టెతో వచ్చేదానికే. ట్రేకి షాపువాళ్ల మాటే వారంటీ. కూలర్ కూడా రాదు. ఆ తగ్గింపు కూలర్ కొనడానికే పోతుంది.

ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్, బ్రౌజర్ కలిసి 16 జీబీ ర్యామ్‌ని ఇట్టే నింపేస్తాయి. ఇప్పుడు 16 జీబీ స్టిక్ ఒకటి వేయించి, దాని పార్ట్ నంబరు ఫొటో తీసి దాచుకోండి. తర్వాత రెండోది కొనేటప్పుడు అదే నంబరు అడగాలి.

ప్రశ్న: మాది డీటీపీ సెంటరు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పెళ్లిపత్రికలు, ఫోటోషాప్‌లో ఫ్లెక్సీలు చేస్తాం. 7వ తరం ఐ3, 8 జీబీ ర్యామ్. ఫ్లెక్సీ ఫైలు సేవ్ కావడానికి ఐదు నిమిషాలు పడుతోంది. ఐ7 వేయించమంటున్నారు. (చిక్కడపల్లి)

జవాబు: ఐ7కి పెట్టే డబ్బు ర్యామ్‌లో, ఎస్ఎస్‌డీలో (హార్డ్ డిస్కు కన్నా వేగంగా పనిచేసే డిస్కు) పెట్టండి. లెక్క చూడండి. 20 అడుగులు, 10 అడుగుల ఫ్లెక్సీని అంగుళానికి 100 చుక్కల చొప్పున చేస్తే 24,000 × 12,000, అంటే 28.8 కోట్ల చుక్కలు. అచ్చుకు వాడే నాలుగు రంగుల సీఎంవైకేలో చుక్కకు 4 బైట్లు. నిండుగా ఉన్న ఒక్క లేయరే 1.15 జీబీ దాకా అవుతుంది. నాయకుడి ఫొటో, కింద వరసగా అభిమానుల ఫొటోలు, వెనక రంగులు, పైన అక్షరాలు అంటూ లేయర్లు పెరిగితే 8 జీబీ ఎక్కడికీ చాలదు. మిగిలినదంతా ఫోటోషాప్ డిస్కు మీద రాసుకుంటూ కూర్చుంటుంది. మీ ఐదు నిమిషాలు పోతున్నది ఎక్కువగా అక్కడే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అది ఒక కోరుతోనే పని చేస్తుంది. 16 కోర్లు ఇచ్చినా మిగతా 15 ఖాళీగా ఉంటాయి.

అయినా బోర్డు మార్చక తప్పదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరమైనా ఉండాలి. 12వ తరం ఐ3-12100 చాలు, ఐ5-12400 అయితే ఇంకా మంచిది. ఎఫ్ లేనివే. దాంతో 32 జీబీ ర్యామ్, 1 టీబీ ఎన్‌వీఎంఈ (ఇంకా వేగమైన రకం) ఎస్ఎస్‌డీ. పాత హార్డ్ డిస్కు పారేయకండి, పాత ఫైళ్లు దాచుకోవడానికి ఉంచండి. కొత్త విండోస్‌లో అను కీబోర్డు ముందు ఒక సిస్టంలో సరిగ్గా పడుతోందో చూసుకుని, ఆ తర్వాతే మిగతావి మార్చండి.

ప్రశ్న: మూడేళ్ల రైజెన్ 5 5600, దాంతో వచ్చిన కూలరే. గేము మొదలుపెట్టిన రెండు నిమిషాలకే వేడి 90 చూపిస్తోంది, ఫ్యాన్ హోరెత్తిపోతోంది, గేము నత్తనడక. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య ఉండే పేస్ట్ మారుద్దామని కూలర్ లాగితే రావట్లేదు. భయపడి ఆపేశాను. (ఉప్పల్)

జవాబు: ఆపడమే మంచిదైంది. మీ 5600 కూర్చునే ఏఎం4 సాకెట్ రకంలో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, 1,331. సాకెట్ లీవరు వాటిని పక్కనుంచి నొక్కి పట్టుకుంటుందే గానీ పైన మూత ఉండదు. పేస్ట్ ఎండి బంకలా పట్టేస్తే, కూలర్‌ని నిట్టనిలువుగా లాగినప్పుడు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది. పిన్నులు వంగేది అప్పుడే.

సిస్టం ఆన్ చేసి పది నిమిషాలు గేము ఆడండి, పేస్ట్ మెత్తబడుతుంది. ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, వేడి చల్లారకముందే మొదలుపెట్టండి. ఫ్యాన్ వైరు విప్పండి. నాలుగు స్క్రూలూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా వదులు చేయండి. ఇక్కడ ఒక జాగ్రత్త: ఈ కూలర్ బిగించినప్పుడు ప్లాస్టిక్ బ్రాకెట్లు తీసేసి ఉంటారు, బోర్డు వెనక ఇనప పలకను పట్టుకుని ఉన్నది ఈ నాలుగు స్క్రూలే. అవి ఊడగానే పలక వెనక్కి జారిపోతుంది. క్యాబినెట్ వెనక మూత ముందే తీసి, పలకను ఒక చేత్తో అదిమి పట్టుకోండి. తర్వాత కూలర్‌ని పైకి లాగకుండా, సీసా మూత తిప్పినట్టు కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పండి. పట్టు వదిలిందని చేతికే తెలుస్తుంది. అప్పుడు ఎత్తండి.

పాత పేస్ట్‌ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, దారాలు వదలని గుడ్డతో తుడవండి. కొత్తది బఠాణీ గింజంత, మధ్యలో. ఎక్కువైతే పక్కలకు కారుతుందే తప్ప చల్లదనం పెరగదు. స్క్రూలు ఎదురెదురుగా తలా రెండు చుట్లు తిప్పుతూ పోండి. ఒకటి పూర్తిగా బిగించి ఇంకోదానికి వెళ్తే కూలర్ ఒక పక్కకు ఒరుగుతుంది. ఒకవేళ పిన్ను వంగితే లెడ్ తీసేసిన 0.7 ఎంఎం మెకానికల్ పెన్సిల్ ముక్కు గొట్టంలో దాన్ని దూర్చి కొద్దికొద్దిగా నిలబెట్టండి. ఒకే పిన్నును అటూ ఇటూ నాలుగుసార్లు వంచితే విరుగుతుంది.

మే నెలలో గది వేడి 30 నుంచి 40కి పోతే చిప్ వేడి కూడా ఇంచుమించు ఆ 10 డిగ్రీలూ పెరుగుతుంది. పేస్ట్ మార్చాక ఎండాకాలంలో గేములో 80 చూపించినా కంగారు పడక్కర్లేదు.

ప్రశ్న: క్యాబినెట్ వెనక స్క్రూ తగిలితే జివ్వుమంటోంది. ఫ్రిజ్ ఆన్ అయినప్పుడు సిస్టం రీస్టార్ట్ అవుతోంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే సాకెట్లో న్యూట్రల్‌నీ ఎర్తునీ ఒక తీగతో కలిపేస్తే చాలన్నాడు. (కూకట్‌పల్లి)

జవాబు: వద్దు. ఇంటికొచ్చే న్యూట్రల్ ఎక్కడైనా తెగిందంటే, ఆ తీగ గుండా 230 వోల్టులూ క్యాబినెట్ రేకు మీదికి వస్తాయి. ప్రాణాలు పోయే పని అది. ఇప్పటికే కలిపేసి ఉంటే ఇవాళే విప్పించండి.

జివ్వుమనేది ఎర్తు లేకపోవడం వల్ల. ఎస్ఎంపీఎస్‌లో (సిస్టంకి కరెంటు మార్చి ఇచ్చే డబ్బా) కరెంటు గోలను వడకట్టడానికి ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి రేకుకు చెరో చిన్న కెపాసిటర్ ఉంటుంది. ఎర్తు దొరక్కపోతే రేకు ఆ రెంటి మధ్య, దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతుంది. ఆ కరెంటు చాలా తక్కువ, అయినా యూఎస్‌బీ పోర్టులనీ పెన్‌డ్రైవ్‌లనీ దెబ్బతీయడానికి చాలు. మల్టీమీటరుతో చూపించుకోండి: ఫేజ్-న్యూట్రల్ 230 ఉంటే ఫేజ్-ఎర్తు కూడా ఇంచుమించు అంతే రావాలి, న్యూట్రల్-ఎర్తు మధ్య ఒకటి రెండు వోల్టులు మించకూడదు. ఫేజ్-ఎర్తు 80, 100 అని ఊగుతుంటే ఎర్తు తీగ ఎక్కడో తెగింది, లేదా అసలు వేయనేలేదు. మన నగరం కింద ఉన్నది గ్రానైట్ రాయి. పైనున్న మట్టి ఎండాకాలంలో ఎండిపోతే ఎర్తు గుంత పట్టు సడలుతుంది, అందుకే గుంతలో నీళ్లు పోస్తుండాలి.

రీస్టార్ట్ మాత్రం వేరే సంగతి. ఫ్రిజ్ కంప్రెసర్ లేచినప్పుడు వోల్టేజీ ఒక్క క్షణం పడుతుంది. మంచి ఎస్ఎంపీఎస్ ఆ క్షణాన్ని తట్టుకుంటుంది, పాతబడినది తట్టుకోలేదు. గేము నడుస్తున్నప్పుడు పసుపు తీగకీ నల్ల తీగకీ మధ్య 11.4 నుంచి 12.6 వోల్టుల లోపు ఉండాలి. తెలిసినవాళ్ల ఎస్ఎంపీఎస్ తెచ్చి ఒక రోజు నడిపి చూడటం ఇంకా తేలిక. ఫ్రిజ్‌నీ సిస్టంనీ ఒకే స్విచ్ బోర్డు మీద పెట్టకండి.

ప్రశ్న: రైజెన్ 7600 సిస్టంలో రెండో ర్యామ్ వేశాక డిస్‌ప్లే రావట్లేదు. (మల్కాజిగిరి)

జవాబు: కదపకుండా పది నిమిషాలు వదిలేయండి. ర్యామ్ మారినప్పుడు ఏఎం5 బోర్డు దానికి తగ్గట్టు సర్దుకోవడానికి చాలా నిమిషాలు తీసుకుంటుంది. మధ్యలో ఆఫ్ చేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. అప్పటికీ రాకపోతే బోర్డు మీద ర్యామ్ తప్పును చూపే డీర్యామ్ లైటు వెలుగుతోందేమో చూడండి. నాలుగు స్లాట్లుంటే స్టిక్కులు ప్రాసెసర్ వైపు నుంచి 2, 4లో ఉండాలి. ఆ తర్వాత ఒక్కో స్టిక్కే 2లో పెట్టి చూడండి. రెండూ విడివిడిగా పనిచేసి కలిస్తే మాత్రం పనిచేయకపోతే, రెండూ ఒకదానితో ఒకటి కుదరట్లేదు.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ ఐ7-13700కె కొనొచ్చా? (మెహదీపట్నం)

జవాబు: అసలు బిల్లు, పెట్టె ఉంటేనే. 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లు ఎక్కువ వోల్టేజీ వల్ల అరిగిపోయి క్రాష్ అవుతున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుంది. బాక్స్ చిప్‌ల వారంటీ మరో 2 ఏళ్లు పెంచి మొత్తం 5 చేసింది. కొత్త బయోస్‌తో (బోర్డులో ఉండే ప్రోగ్రాం) వచ్చే మైక్రోకోడ్, అంటే చిప్‌ని నడిపే సూచనలు, మున్ముందు అరుగుదలను ఆపుతుంది గానీ, ఇప్పటికే అరిగిన చిప్‌ని బాగుచేయలేదు. డబ్బు ఇచ్చే ముందు అదే సిస్టంలో పెద్ద జిప్ ఫైలొకటి పదిసార్లు విప్పించండి, మొదట్లో షేడర్లు (బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) తయారుచేసుకునే గేమొకటి పెట్టించండి. ఒక్కసారి తప్పొచ్చినా, గ్రాఫిక్స్ మెమరీ చాలదన్న మెసేజ్ వచ్చినా వదిలేసి వచ్చేయండి.